బోర్డుకీ బోర్డుకీ మధ్య

స్కూటరు వెనక కూర్చున్నా కళ్లు తిరిగే మనిషి డిటెక్టివ్. పోలీసు శాఖలో ఉన్న రోజుల్లో ఆమెకు 'నత్త' అని పేరు పెట్టింది ఆమె పై అధికారి ఇన్‌స్పెక్టరే. ఉద్యోగం వదిలి సొంత ఆఫీసు తెరిచినప్పుడు ఆమె విజిటింగ్ కార్డు మీద నత్త బొమ్మ అచ్చు వేయించి, మొదటి కార్డు పనిగట్టుకుని ఆయనకే పంపింది. అలాంటి మనిషి చేతిలో, నేల మీద అందరికన్నా వేగంగా పరిగెత్తాలని కట్టిన బండి కేసు పడింది. దేవుడికి కూడా అప్పుడప్పుడు తమాషా చూడాలనిపిస్తుంది కాబోలు.

బస్సు దిగి, ఎండిపోయిన ఉప్పు సరస్సు అంచున ఉన్న షెడ్డు దాకా ఆమె నడిచి వచ్చేసరికి అదే ఇన్‌స్పెక్టర్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయనకెదురుగా ఒక ఆడమనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతులు కట్టుకున్న తీరులో వినయం మచ్చుకైనా లేదు.

ట్రాకు మీద అందరూ ఆమెను పళ్ల డాక్టరు అంటారు. మనుషుల పళ్లు కాదు, గేర్ల పళ్లు. ఏ బండి వెనక ఇరుసులో ఎన్ని పళ్ల గేరు పడాలో తేల్చేది ఆమె. నిన్న పొద్దున ట్రయల్ పరుగులో టైరు పగిలి వాళ్ల బండి పల్టీలు కొట్టింది. నడుపుతున్నది ఆమె తమ్ముడు. ఆస్పత్రిలో అతను ఇంకా కళ్లు తెరవలేదు. అతని భార్యే అక్కడి నుంచి డిటెక్టివ్‌కి ఫోను చేసి, మా ఆడపడుచుని పోలీసులు పట్టుకుపోతారట, ఆవిడ చేతిలో పొరపాటు జరగదు, మీరు వెళ్లి చూడండి అని ఏడ్చింది.

ఇన్‌స్పెక్టర్ లెక్క సూటిగానే ఉంది. ట్రయల్ కోసం ఇంజనుని నిమిషానికి ఆరు వేల చుట్ల దగ్గర పట్టి ఉంచమని చెప్పారు. ట్రయల్‌కి వేసే గేరుతో ఆరు వేలంటే గంటకు రెండు వందల పది కిలోమీటర్లు. ట్రయల్ టైర్ల మీద రెండు వందల యాభై దాకా భయం లేదని రాసి ఉంది. రెండు వందల పదికే పగిలాయంటే అవి చచ్చు టైర్లన్నమాట. వాటిని ఎంచి బిగించింది ఎవరు? అక్కగారు. సాయంత్రానికి టైర్ల రిపోర్టు వస్తుంది, రాగానే ఆవిడ జీపెక్కుతుంది.

"నా టైర్లు చచ్చువి కావు," అంది పళ్ల డాక్టరు. అప్పటికి ఆ మాట ఎన్నోసారి అంటోందో, గొంతు బొంగురుపోయింది.

"మరి ఎందుకు పగిలాయమ్మా?"

"తెలీదు. తెలీదు కాబట్టి నేను చేశానని ఒప్పుకోమంటారా? అదే టైర్లు రెండో బండికీ ఉన్నాయి. అదే ట్రయల్ గేరు వేసుకుని, అదే ఆరు వేల మీద నేనే నడిపి చూపిస్తా. పగిలితే మిగిలిన నన్ను అరెస్టు చేసుకోండి."

ఇన్‌స్పెక్టర్ కుదరదన్నాడు. అరెస్టు చేసేదాకా నా బండి నా ఇష్టం, సాయంత్రం దాకా ట్రాకు మా పేరు మీదే ఉంది, కావాలంటే కాగితం చూసుకోండి అని ఆమె ఎదురు తిరిగింది. ఆయనకు కోపం వచ్చింది, కానీ కాగితం నిజంగానే ఉంది. తమ్ముడు ఆస్పత్రిలో ఉండగా ఈ మొండితనమేమిటని డిటెక్టివ్‌కి కూడా ఒక్క క్షణం చిరాకేసింది. మరుక్షణంలో అర్థమైంది. తమ్ముణ్ణి తన చేతులతోనే చంపుకోబోయానా అన్న అనుమానం ఈమెను లోపల తినేస్తోంది. జైలుకన్నా అదే ఆమెకు పెద్ద భయం.

తన వంతు వచ్చాక డిటెక్టివ్ టైర్ల సంగతి అడగలేదు. గేరు ఎలా ఎంచుతారని అడిగింది. ఇన్‌స్పెక్టర్ పెద్దగా ఆవులించాడు.

"మెట్లెక్కడం తెలుసుగా మేడమ్," అంది పళ్ల డాక్టరు. "ఒక్కో మెట్టూ ఎక్కితే ఆయాసం రాదు, కానీ అడుగులు ఎక్కువ పడతాయి. రెండేసి మెట్లు ఎక్కితే త్వరగా పోతాం, కానీ తొడలు లాగుతాయి. ఇంజనుకి దమ్మెంతుందో చూసి ఎన్నేసి మెట్లు ఎక్కించాలో చెప్పడమే నా పని. దమ్ముకి మించి ఎక్కిస్తే మధ్యలో చతికిలబడుతుంది. మరీ తక్కువ ఎక్కిస్తే ఇంజను గింజుకుంటుంది తప్ప బండి ముందుకు పోదు. దీనికి తోడు ఉప్పు మీద చక్రం కొంత జారుతుంది, గాలి ఎదురు కొడుతుంది. అవన్నీ కలుపుకుని లెక్క వేసుకోవాలి."

ఆమె గోడ మీది మేకు నుంచి రెండు గేర్లు తీసింది. రొట్టెల పెనమంత ఒకటి, దానికన్నా కాస్త చిన్నది ఇంకొకటి. పెద్దదానికి ఇరవై ఐదు పళ్లు, చిన్నదానికి ఇరవై ఒకటి. ఇరుసు వెనక ఒక మూత ఉంటుంది, దాన్ని విప్పి రెంటినీ ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. పెద్దది పైన, చిన్నది కింద పెడితే ఇంజను మూడున్నర చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. అది ట్రయల్‌కి. రెంటినీ తారుమారు చేసి చిన్నది పైన పెడితే రెండున్నర చుట్లకే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అది రికార్డు పరుగుకి. జత ఒకటే, పెట్టే తీరులోనే అంతా ఉంది. పళ్ల లెక్క ప్రతి గేరుకీ ఒక పక్కన చెక్కి ఉంటుంది. పక్క టీముల వాళ్లు వచ్చి తొంగి చూస్తారని, ఆ అంకె లోపలి వైపుకి వచ్చేలా బిగించడం ఆమె పద్ధతి.

బండిలో వేగం చూపించే మీటరు ఉండదని విని డిటెక్టివ్ నోరు తెరిచింది. ఇంజను చుట్లు చూపించే ముల్లు ఒక్కటే ఉంటుందట. వేగం ఎంతో గేరుని బట్టి లెక్క కట్టుకోవడమే.

"నాకు ముల్లుతో కూడా పని లేదు," అంది పళ్ల డాక్టరు. "కిలోమీటరుకో బోర్డు ఉంటుంది. ట్రయల్ గేరులో, ఆరు వేల మీద, బోర్డుకీ బోర్డుకీ మధ్య నోట్లో పదిహేడు లెక్క పెట్టొచ్చు. నేను నడిపిన ప్రతిసారీ పెడతా. పదిహేడు రాకపోతే ఏదో తేడా ఉన్నట్టే."

"నిన్న లెక్క పెట్టారా?"

నిన్న ఆమె ట్రాకు అవతలి కొసన, నీళ్ల ట్యాంకరు దగ్గర ఉంది. అక్కడ రేడియో లేదు. తమ్ముడి మాట వినలేదు, బండిని దగ్గరగా చూడలేదు. దూరంగా తెల్లటి దుమ్ము లేవడం ఒక్కటే చూసింది. అది చెప్పేటప్పుడు మాత్రం కట్టుకున్న ఆమె చేతులు విడిపోయాయి.

షెడ్డు రెండో గదిలోకి ఆమె గేర్లు పట్టుకెళ్లి, "మావయ్యా, ఈ జత రెండో బండికి వెయ్యి. పెద్దది పైన. నన్ను వీళ్లు వదిలేలా లేరు," అని చెప్పింది. అవతలి నుంచి సరేనమ్మా అని వినిపించింది. తను వచ్చేదాకా బండి ఎక్కొద్దని డిటెక్టివ్ చెప్పింది. పళ్ల డాక్టరు ఔననలేదు, కాదనలేదు.

మావయ్య అంటే వాళ్ల మేనమామ. రెండు బండ్ల ఇంజన్లూ కట్టింది ఆయనే. డిటెక్టివ్ వెళ్లేసరికి రెండో బండి వెనక నేల మీద కూర్చుని ఇరుసు మూత బిగిస్తున్నాడు. నూనె చుక్క కింద పడకుండా పళ్లెం పెట్టుకుని, ఒక నట్టు బిగించి, దానికి ఎదురు నట్టు బిగించి, పూజ చేసినంత శ్రద్ధగా పని చేస్తున్నాడు. వెనక గోడ మీద ఎర్ర రంగుతో పెద్దగా 286 అని రాసి ఉంది.

ఆ అంకె ఏమిటని అడిగితే ఆయన ముఖం వెలిగింది. అది ఆయన వేగం. ఈ తరగతి బండ్లలో ఇరవై రెండేళ్లుగా ఎవరూ దాన్ని దాటలేదు. అప్పటికి పిల్లలిద్దరూ చెడ్డీలేసుకుని నూనె డబ్బాల మధ్య ఆడుకునేవాళ్లట. వచ్చే వారం మేనల్లుడు దాన్ని దాటేవాడే గదా అని డిటెక్టివ్ అంది. దాటేవాడే, వాడికి ఆ దమ్ముంది, ఏం లాభం, ఇలా అయింది అని ఆయన పానా ఆపకుండా చెప్పాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అవి దొంగ నీళ్లని ఎవరూ అనలేరు.

నిన్న పరుగుకి ముందు బండి దగ్గర ఎవరున్నారని అడిగింది. మేనకోడలు ముందు రోజు మూత బిగించి షెడ్డుకి తాళం వేసిందనీ, పొద్దున తాళం తీసింది తనేననీ, వెనక నుంచి బండిని తోసే ట్రక్కు నడిపింది కూడా తనేననీ ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఈ బండ్లు తమంతట తాము కదలవు, మొదట ట్రక్కు తోయాలి. బయటివాళ్లెవరూ రాలేదా అంటే, వచ్చినా ఏం చూస్తారమ్మా అని నవ్వాడు.

"ఈ పిల్ల గేర్ల అంకెలు కూడా లోపలికి తిప్పి దాస్తుంది. మా రోజుల్లో బయటికే పెట్టేవాళ్లం. ఎవడైనా వచ్చి చూసుకోనీ, దమ్ముంటే దాటనీ. దాచుకునేవాడు దొంగ గానీ ఆటగాడు కాదు."

చివరి నట్టు బిగించి, గుడ్డతో మూత తుడిచి, ఆయన లేచాడు. మేనకోడలు బండెక్కడం మీకు ఇష్టమేనా అని డిటెక్టివ్ అడిగింది. దాని మొండితనం నీకు తెలీదమ్మా, వద్దంటే ఇంకా ఎక్కుతుంది అన్నాడు. అందులోనూ అబద్ధం లేదు.

షెడ్డు పక్కనే టైం కీపర్ గది. ఆయనకు ఏ టీముతోనూ చుట్టరికం లేదు. గడియారాలూ రేడియో చూసుకోవడమే ఆయన ఉద్యోగం. ఆ గడియారాలు కూడా నాలుగో బోర్డు దాటాకే మొదలవుతాయి. బండి మూడో బోర్డు దాటగానే పడింది కాబట్టి అవి ఏమీ చెప్పలేవు. నడిపే మనిషికి హెల్మెట్‌లో మైకు ఉంటుంది. బోర్డు దాటినప్పుడల్లా బోర్డు లెక్క, ముల్లు లెక్క పైకి చెప్పాలి. తిరిగి వాళ్లకు ఏదైనా చెబుదామంటే వీలుండదు. చెవి పక్కనే ఇంజను అంత మోత మోగుతుంటే ఎవరి మాట వినిపిస్తుంది? ఆ మాటలు వచ్చే రేడియోలు రెండే. ఒకటి ఈ గదిలో ఉంది, ఇంకొకటి తోసే ట్రక్కులో.

తమ్ముడు అన్న మాటలు ఇన్‌స్పెక్టర్ శుభ్రంగా టైపు కొట్టించి పెట్టుకున్నాడు. ఆ కాగితం డిటెక్టివ్‌కి ఇచ్చి, చదువుకోండి, మీకు టైము పడుతుందిగా అన్నాడు. మూడే ముక్కలు. మొదటి బోర్డు, బండి ఎందుకో బద్ధకంగా ఉంది. రెండో బోర్డు, ఆరు వేలు. మూడో బోర్డు, ఆరు వేలు. ఆ తర్వాత ఏమీ లేదు.

"బద్ధకంగా ఉందని కుర్రాడే చెప్పాడు. వేగం లేదు, అయినా టైరు పగిలింది. ఇంకా ఏం కావాలి మీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"టేపు వినాలి."

"అందులో ఉన్నదే ఇందులో ఉంది."

"మాటలున్నాయి. మాటకీ మాటకీ మధ్య ఉన్నది మీ టైపిస్టు కొట్టలేదు."

ఆలస్యం అమృతం విషం అని ఆయన గొణిగాడు. నిదానమే ప్రధానం అని కూడా ఎవరో అన్నారు లెండి అని ఆమె కుర్చీ లాక్కుంది. టైం కీపర్ టేపు తిప్పాడు. ఇంజను హోరులోంచి ఆ కుర్రాడి గొంతు వచ్చింది. రెండో బోర్డు, ఆరు వేలు. డిటెక్టివ్ చేతి గడియారం మీద కళ్లు పెట్టి పెదవులు కదపకుండా లెక్క పెట్టింది. పదిహేడు రావాలి.

పన్నెండు దగ్గరే మూడో బోర్డు వచ్చేసింది.

మళ్లీ తిప్పమంది. మళ్లీ పన్నెండే. మూడోసారి టైం కీపర్ తన సొంత గడియారం తీసి చూసి, ముఖం గంభీరంగా పెట్టి, పన్నెండేనండీ అన్నాడు. కిలోమీటరుకి పన్నెండు సెకన్లంటే గంటకు మూడు వందల కిలోమీటర్లు. రెండు వందల యాభైకి మించి తట్టుకోలేని టైర్లు మూడు వందల దగ్గర పగలక ఏం చేస్తాయి? పాపం ఆ కుర్రాడు ముల్లు చూసి, అక్క చెప్పిన ఆరు వేల దగ్గరే బుద్ధిగా పట్టి ఉంచాడు. తన మేనమామ రికార్డు దాటేశాడని కూడా అతనికి తెలియలేదు.

ఇన్‌స్పెక్టర్ మంకుపట్టు మనిషే గానీ మొద్దు కాదు. కాసేపు గడ్డం రుద్దుకుని, అయితే టైరు తప్పు కాదు, గేరు తప్పు, గేరు వేసింది కూడా ఆవిడే, నాకు పని తగ్గించారు, రిపోర్టు దాకా ఆగక్కర్లేదు అన్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను చూడండి అని లేచాడు కూడా. ఆమెను కాపాడటానికని వచ్చి ఉచ్చు ఇంకాస్త బిగించినట్టయింది. అయినా డిటెక్టివ్ తగ్గలేదు. ఆయనకన్నా ముందే నడుచుకుంటూ షెడ్డులోకి వెళ్లి, పడిపోయిన బండి ముందు నిలబడింది.

బండి ముందు భాగం నలిగిపోయింది గానీ వెనక ఇరుసు చెక్కు చెదరలేదు. చక్రాల చుట్టూ లక్క సీళ్లున్నాయి. ఇరుసు మూత విప్పమని ఆమె ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన కానిస్టేబుల్‌ని అడిగింది. అతను ఒకప్పుడు గ్యారేజీలో చేసినవాడు, పానా ఎక్కడుందా అని చూడబోయి ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి ఆగిపోయాడు.

"సాక్ష్యాన్ని ముట్టుకుంటే మిమ్మల్ని కూడా లోపల వేస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇది మీ ఆఫీసు కాదు."

"మీ సీళ్లు చక్రాల మీదున్నాయి. మూత మీద లేవు. ఎందుకు లేవు? మీరు దీన్ని సాక్ష్యం అనుకోలేదు కాబట్టి. మీరు సాక్ష్యం కాదన్నదాన్ని నేను విప్పితే తప్పేమిటి?"

"అప్పుడూ ఇంతే. పై అధికారి మాటంటే లెక్కలేదు మీకు."

"లెక్క లేకపోవడం కాదు. అప్పుడు కూడా మీరు చెప్పిన లెక్క తప్పింది, నేను పెట్టిన లెక్క సరిపోయింది. నన్ను నత్త అన్నారు, సరే. నత్త పాకిన చోటల్లా గీత ఉంటుంది, ఎటు నుంచి ఎటు వచ్చిందో ఎవరైనా చూసుకోవచ్చు. మీరు ఎటు నుంచి దూకారో మీకే తెలీదు. విప్పనివ్వండి. లోపల గేర్లు సరిగ్గా ఉంటే నేనే ఆమెను జీపెక్కిస్తాను."

కానిస్టేబులు నేల చూపులు చూశాడు. ఇన్‌స్పెక్టర్ సరే కానీయమని తల ఊపాడు. పందెం కాయకుండా ఉండలేని బలహీనత ఆయనకు మొదటి నుంచీ ఉంది.

నట్లు వదిలాయి. మూత ఊడగానే చిక్కటి నూనె బకెట్లోకి కారింది. కానిస్టేబులు గుడ్డతో తుడిచి లైటు పట్టుకున్నాడు. చిన్న గేరు పైన ఉంది. పెద్ద గేరు కింద ఉంది.

"తిరగేసి ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రికార్డు గేరు వేసి ట్రయల్ అని చెప్పింది. చాలదా?"

డిటెక్టివ్ వంగి ఇంకా దగ్గరగా చూస్తోంది. పై గేరు మీద చెక్కిన అంకె లైటు వెలుతురులో స్పష్టంగా కనబడింది. ఇరవై ఒకటి. కింది దాని మీద ఇరవై ఐదు. రెండూ బయటి వైపుకే ఉన్నాయి. కళ్లద్దాలు లేకుండా ఆమె కూడా చదవగలిగింది.

చేతులకి అలవాటైన పని బుర్రని అడగదు. గేర్లు తారుమారు చేయాలని బుర్ర అనుకుంది, చేసింది. అంకె ఎటు తిప్పాలో మాత్రం చేతులే చూసుకున్నాయి. ఎవడైనా వచ్చి చూసుకోనీ అని ఇరవై రెండేళ్ల కిందటి నుంచి నేర్చిన చేతులవి. పొద్దున తాళం తీసింది ఆ చేతులే. ఇందాక తన కళ్ల ముందు రెండో బండి మూత బిగించింది కూడా ఆ చేతులే. లోపల ఏముందో చూడకుండా, గోడ మీది అంకె గురించి కబుర్లు చెప్పించుకుంటూ కూర్చుంది తను. నత్తకు నిదానం ఉంటే చాలదు, కళ్లు కూడా ఉండాలని డిటెక్టివ్ తనని తాను తిట్టుకుంది.

ఆమె అంకెల సంగతి ఇన్‌స్పెక్టర్‌కి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. సొంత మేనమామ రెండో బండికి కూడా ఎందుకు చేస్తాడని అడిగాడు.

"ఆమె ఆరు వేల మీద నడిపి క్షేమంగా తిరిగొస్తే టైర్లు మంచివని తేలిపోతుంది. అప్పుడు అందరూ గేర్ల వైపు చూస్తారు. తిరిగి రాకపోతే ఎవరూ చూడరు. టైర్లే చచ్చువని మీరే రాసేస్తారు."

అప్పుడే బయట ట్రక్కు ఇంజను రొద వినబడింది. ఇద్దరూ ఒకేసారి రెండో గదిలోకి చూశారు. గది ఖాళీగా ఉంది. నూనె పళ్లెం ఒక్కటి నేల మీద ఉంది. తలుపు అవతల, ఎండలో మెరిసే ఉప్పు మీద, ట్రక్కు ముందు ఒక పొడుగాటి బండి కదులుతోంది.

ఆగమని కానిస్టేబులు అరుచుకుంటూ పరిగెత్తాడు. ట్రక్కు బండిని వదిలేసి పక్కకు తప్పుకుంది, బండి తన సొంత బలం మీద ముందుకు ఉరికింది. డిటెక్టివ్ టైం కీపర్ గదిలోకి దూరి మైకు ఎక్కడని అడిగింది. ఆ అలవాటు లేదండీ, వాళ్లకి వినిపించదు అని ఆయన బిక్కముఖం వేశాడు. రేడియోలో ఇంజను హోరు, దాని మీద పళ్ల డాక్టరు బొంగురు గొంతు.

"మొదటి బోర్డు. బండి ఎందుకో బద్ధకంగా ఉంది."

టైం కీపర్ చెయ్యి గడియారం మీదే ఉండిపోయింది. వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టర్ గడప మీదే నిలబడిపోయాడు. నిన్న టైపు కొట్టించిన ముక్కే అది. తమ్ముడు ఆ మాట అన్నాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, రెండేసి మెట్లెక్కే గేరు పడిందని అప్పుడే పట్టేసి ఉండేది, ఎక్కేది కాదు. ఆ కాగితాన్ని ఇన్‌స్పెక్టర్ ఫైలులో దాచుకున్నాడు, దాన్ని చదివి కూడా డిటెక్టివ్ ఆమె దగ్గరికి వెళ్లకుండా ఇరుసు దగ్గరికి వెళ్లింది. ఇద్దరి తప్పూ సమానమే.

"రెండో బోర్డు. ఆరు వేలు." ఒక్క క్షణం ఆగి, ఆమె పైకే లెక్క పెట్టడం మొదలుపెట్టింది. "ఒకటి. రెండు. మూడు."

ఏడు, ఎనిమిది అంటోంది ఆమె గొంతు, ఎవరికో సవాలు చేస్తున్నట్టు గట్టిగా. తొమ్మిది. పది. పదకొండు.

"పన్నెండు," అని ఆగిపోయింది. "మూడో బోర్డు."

ఇంజను హోరు తప్ప ఏమీ లేదు. ఆమె మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు మారింది. ట్రాకు మీద ఆమె మాట వినగలిగే మూడో చోటు లేదు. ఈ గది కాక మిగిలింది ట్రక్కు ఒక్కటే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"మావయ్యా. పన్నెండే వచ్చింది."

కాలు ఒక్కసారిగా ఎత్తేస్తే బండి గిర్రున తిరిగి పల్టీ కొడుతుందని టైం కీపర్ గుసగుసగా చెప్పాడు. వెంట్రుకవాసి చొప్పున ఎత్తుకుంటూ రావాలి. వింటున్నారు ముగ్గురూ. హోరు అలాగే ఉంది, తగ్గినట్టే లేదు. తర్వాత కాస్త తగ్గింది. ఇంకాస్త. "అయిదు వేలు," అంది ఆమె. "నాలుగున్నర. నా టైర్లు పగల్లేదు ఇన్‌స్పెక్టర్ గారూ, వింటున్నారా? ఇంకా పగల్లేదు. నాలుగు." చాలా దూరాన, ఉప్పు మీద, బండి వెనక తెల్లటి పారాచ్యూటు విచ్చుకుంది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. గోడ మీది 286 ఇప్పటికి రెండుసార్లు ఓడిపోయిందని డిటెక్టివ్ అనుకుంది. రెండుసార్లూ దాన్ని ఓడించిన వాళ్లకు ఆ సంగతి తెలియకుండా చేయాలని చూసినవాడు దాని సొంతదారే. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి ట్రక్కు కోసం చూసింది.

ట్రక్కు తిరిగి రావడం లేదు. ట్రాకు మధ్యలోకి ఎక్కి, ఆగిపోతున్న బండి వైపు నేరుగా దూసుకుపోతోంది. ఆ బండి ఇరుసులో కూడా అంకెలు బయటికే ఉన్నాయి. ఆ మూత విప్పేవాళ్లు అక్కడికి చేరకముందే మేనమామ చేరాలి. మూతకూ అతనికీ మధ్య, పట్టీలతో సీటుకి కట్టుకుని, మేనకోడలు ఒక్కతే కూర్చుని ఉంది.

ఇన్‌స్పెక్టర్ జీపు వైపు పరిగెత్తాడు. డిటెక్టివ్ ఆయన కన్నా ముందే ఎక్కి కూర్చుని రెండు చేతులా ముందు కడ్డీని పట్టుకుంది. జీపు ఉప్పు మీదికి ఎక్కింది. ముల్లు ఎనభై దాటింది, తొంభై దాటింది. ఆమె కళ్ల ముందు తెల్లటి నేల గిర్రున తిరిగింది. మీకు పడదుగా, కాస్త తగ్గించనా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఆ అడగడంలో వెటకారం లేదు.

"ఇంకా తొక్కండి," అంది నత్త.